ఆనీ ఆనకుండా

నెల్లిమర్ల,
నవంబరు 9.

ఒసే ప్రిస్కీ,

ఏటే, బతికే ఉన్నావా? ఎప్పుడు ఫోను చేసినా "పరిధిలో లేరు" అనే వస్తాది. ఆ మందస కొండల్లో ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా వెళ్ళావు, సంతోషం. సిగ్నలు కోసం నువ్వు వాటర్ ట్యాంకు ఎక్కాలంటే నేనేం చెయ్యను? ఎక్కినా నాకు లాభం లేదులే. ఫోను చెవికి పెట్టానంటే చెవి వెనక దురద మొదలవుతాది. ఇయర్‌ఫోన్లు ఇంకా ఘోరం. స్పీకరు పెడితే నీ ప్రశ్నలకి మా అత్త లక్ష్మణమ్మ వంటింట్లోంచి జవాబులు చెప్తాది. అందుకే కాయితం తీశాను. శ్రీకాకుళంలో డిగ్రీ చదివినప్పుడు సెలవులకి ఇళ్ళకెళ్ళి రాసుకునేవాళ్ళం కదా, అలాగే రాసుకుందాం.

నా ఒళ్ళు సంగతి. ఎగ్జిమా అన్నారు. మూడేళ్ళయింది. మోచేతి మడతల్లో, మెడ చుట్టూ, మోకాళ్ళ వెనక. జబ్బు ఒక ఎత్తు, దానికి మందు చెప్పేవాళ్ళు ఒక ఎత్తు. మా అత్త వేపాకు నూరి పూస్తాది. వంకాయ మానమంటాది, ఎండుచేపలు మానమంటాది, గోంగూర మానమంటాది. ఇంక నేను తినేదేటి, బస్సు టికెట్లా? మా బస్సు డ్రైవరు "కండక్టరమ్మా, ఆవు పంచితం రాయి" అంటాడు. ఒకావిడ టికెట్టు తీసుకుంటూ నా మోచెయ్యి చూసి, "అమ్మా, అది అంటుకుంటాదా?" అని అడిగి, జవాబు వినకుండానే పిల్లని లాక్కుని వెనక్కెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఎంత ఉడికినా పొడుగు చేతుల జాకెట్టే వేస్తన్నాను.

ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం చేసిన కాడ్నుంచి బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు. విజయనగరంలో ఎక్కిన జనం గజపతినగరం దాటేదాకా పలచబడరు. టికెట్టు మిషను పట్టీ మెడ మీద రాసుకుంటా ఉంటాది. ఇంటికొస్తే మా ఆయన హరిబాబు పాపం ఏమీ అనడు, మంచానికి ఆ చివరికి జరిగి పడుకుంటాడు. అదీ చికాకే, ఎందుకు జరిగాడని. జరక్కపోతే ఇంకో చికాకు.

నీ సంగతులు రాయి. మందులు మాత్రం చెప్పకు.

నీ రాజీ


మందస దగ్గర హాస్టలు నుంచి,
నవంబరు 21.

ప్రియమైన రాజీ,

దేవుని దయవల్ల నేనూ పిల్లలూ బాగున్నాం. నీ ఉత్తరం చూసి మా వంటావిడ, "మేడమ్‌కి కోర్టు నోటీసొచ్చింది" అని హాస్టలంతా చాటింది. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు ఎవరికొస్తుంది?

మందులు చెప్పొద్దన్నావు కానీ ఊరుకోలేను. గోళ్ళు కత్తిరించుకో. ముందు ఆ గోక్కోవడం మానెయ్. మనసు వేరే పని మీద పెడితే దురద తెలీదు. ఇక్కడ పిల్లలకి గజ్జి వస్తే నర్సమ్మ ఒక ఆయింట్‌మెంటు ఇస్తుంది, వారంలో పోతుంది. నీకు ఒక ట్యూబు పంపనా?

క్రిస్మస్‌కి కోటబొమ్మాళి వెళ్తున్నాను. తమ్ముడు జాన్ కూతురికి ఆ రోజే పేరు పెడతారు. నువ్వు తప్పకుండా రావాలి. అమ్మ కూడా నీ గురించి అడిగింది. కొంచెం వేరేగా అడిగిందిలే, అది ఎదురుగా చెప్తాను. జాన్ పెళ్ళి తర్వాత మళ్ళీ మా ఇంటి గుమ్మం తొక్కలేదు నువ్వు. ఈసారి సాకులు చెప్తే ఒప్పుకోను.

నీ ప్రిస్కిల్లా


నెల్లిమర్ల,
డిసెంబరు 11.

ప్రిస్కీ,

గజ్జి కాదే తల్లీ. గజ్జి కాదు, తామర కాదు, పాపం కాదు, శాపం కాదు, అంటుకోదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి? ట్యూబు పంపకు.

గోక్కోవడం మానెయ్ అని నువ్వు కూడా రాశావు. తుమ్ము వచ్చినవాడితో తుమ్మకు అని చెప్పి చూడు. మనసు వేరే పని మీద పెట్టాలట! నిండు బస్సులో టికెట్లు కొట్టడం కన్నా వేరే పని ఏటుంది?

క్రిస్మస్‌కి రాలేను. డిపోలో చిన్న చికాకు వచ్చింది. రాసేంతది కాదు. పాపకి నా ముద్దులు చెప్పు.

రాజీ


మందస దగ్గర హాస్టలు నుంచి,
డిసెంబరు 18.

రాజకుమారి గారికి,

రాసేంతది కాదన్న మీ చికాకు నాకు అందింది. మా లెక్కల టీచరు పలాస వెళ్ళి, ఫోనులో ఒక వీడియో తెచ్చి చూపించింది. "మీ విజయనగరం వైపేనట మేడమ్, చూడండి ఈవిడ పొగరు" అంటూ. ఈవిడ నాకు స్నేహితురాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బస్సులో ఒక ముసలావిడ. పక్కన తేగల బుట్ట. బ్రేకు పడితే నీ చెయ్యి పట్టుకోబోయింది. నువ్వు విదిలించి కొట్టావు. ఆవిడ సీటు మీదికి తూలింది, తేగలన్నీ జనం కాళ్ళ కింద పడ్డాయి. నువ్వు అన్న మాట స్పష్టంగా వినిపించింది: "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి!" తర్వాత తడి రుమాలు తీసి, ఆవిడ పట్టుకున్న చోట తుడుచుకున్నావు. ముసలావిడ అడుగుతోంది, "ఏటమ్మా, ఎస్సీ పేటలో ఎక్కినాననా? ముట్టుకుంటే మాసిపోతావా?" అని. నువ్వు మారు మాట్లాడలేదు. టికెట్టు మిషను కేసి చూస్తూ నిలబడ్డావు.

దురద అంటావని తెలుసు. దురద ఉన్నవాళ్ళు గోక్కుంటారు, ముట్టుకోవద్దనరు. పైగా అదే వీడియోలో ఒక కాలేజీ అమ్మాయి, మెళ్ళో ఐడీ కార్డుతో, నీ భుజానికి పూర్తిగా ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్లని ఒక్క మాట అనలేదు నువ్వు.

అమ్మ వేరేగా అడిగిందన్నాను కదా. ఇప్పుడే చెప్తాను: "వొస్తే ఈసారీ పక్కకి జరుగుతాదేటి?" అని. జాన్ పెళ్ళిలో ఫొటో కోసం నేను నీ భుజం మీద చెయ్యి వేశాను. నువ్వు పక్కకి జరిగావు. అమ్మ చూసింది. "ఎంత చదువుకున్నా ఆళ్ళు ఆళ్ళే" అంది. నేను అమ్మతో పోట్లాడాను. రెండేళ్ళుగా నీ తరఫున పోట్లాడుతూనే ఉన్నాను. నిన్ను ఒక్కసారీ అడగలేదు, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని.

ఇప్పుడు అడుగుతున్నాను.

ప్రిస్కిల్లా


నెల్లిమర్ల,
డిసెంబరు 26.

ప్రిస్కిల్లా,

"గారు" ఒకటా? బాగుంది. ఊరంతా అన్నది చాలక నువ్వు కూడానా?

విను. ఆ రోజు పొద్దున్నుంచి జడలు, పూలదండలు, శాలువాల కుచ్చులు, చంటిపిల్లల జుట్టు, అన్నీ మెడకీ చేతులకీ తగులుతానే ఉన్నాయి. జనం మధ్యలో నిలబడితే తగలక ఏమవుతాయి? ఒక్కోటి తగిలినప్పుడల్లా చీమలు పాకినట్టు దురద లేచి, మెడ నుంచి వీపు దాకా పోతాది. గోక్కుంటే రక్తం వస్తాది. రక్తం కనిపిస్తే జనం దిగిపోతారు. అందుకని తడి రుమాలు దగ్గర పెట్టుకుని అద్దుకుంటాను. ఆ రుమాలు ఎవర్నీ కడుక్కోవడానికి కాదు. ముట్టుకోవద్దని అందరికీ చెప్తానే ఉన్నాను, అదంతా వీడియోలో లేదు. అద్దుకోవడానికి జాకెట్టు చెయ్యి అప్పుడే పైకి మడిచాను, ఆ ముసలావిడ వేళ్ళ చివర్లు సరిగ్గా మోచేతి మడతలో తగిలాయి. చెయ్యి దానంతట అదే విసిరింది. నిప్పు మీద పడ్డ చెయ్యిలాగ.

మాసిపోతావా అని ఆవిడ అడిగినప్పుడు నేను మాట్లాడలేదు, నిజమే. ఏం చెప్పను? నాకు చర్మరోగం అని నిండు బస్సులో అరవాలా?

కాలేజీ పిల్ల సంగతి నాకూ తెలీదు. ఆనుకుంటే ఎందుకు ఊరుకున్నానో నాకే తెలీదు. ఆనుకుంది, ఏమీ అవలేదు, అంతే. నమ్మితే నమ్ము.

ఇప్పుడు అసలు సంగతి. జగ్గమ్మ అని ఆవిడ పేరు. కంప్లెయింటు ఇచ్చింది. నన్ను డ్యూటీ నుంచి ఆపారు. ఎంక్వయిరీ ఉంది. పోలీసు కేసు కూడా అవ్వొచ్చంటన్నారు. మా యూనియన్ మురళీమోహన్ గారు ఒక మాట చెప్పారు. ఈవిడకి కులం పట్టింపు లేదు, మా ఇంట్లో తింది, నాతో ఒకే మంచం మీద పడుకుంది అని మీవాళ్ళల్లో ఎవరైనా స్నేహితురాలు ఒక కాయితం రాసిస్తే పనికొస్తాదని. నువ్వు రాసివ్వాలి. జనవరి పదో తేదీ లోపల.

ఫొటో దగ్గర జరిగింది నాకు గుర్తు లేదు. అప్పటికే మెడ మీద మొదలై ఉంటాది.

రాజీ


మందస దగ్గర హాస్టలు నుంచి,
జనవరి 5.

రాజీ,

రాసివ్వను.

కవరు చింపి మళ్ళీ మళ్ళీ చదివాను, నేనేమైనా పొరపాటుగా చదివానేమోనని. "మీవాళ్ళల్లో ఎవరైనా స్నేహితురాలు." నేను నీకు ప్రిస్కీని కాదన్నమాట, మావాళ్ళల్లో ఒకదాన్ని. మనం ఒకే కంచంలో తిన్నది ఆకలేసి తిన్నాం. ఒకే మంచం మీద పడుకున్నది హాస్టల్లో మంచాలు చాలక. అది ఎప్పటికైనా ఒక ఆఫీసరు ముందు పెట్టి నీ ఉద్యోగం నిలబెట్టుకోవడానికని నేను అప్పుడు అనుకోలేదు. నువ్వు మా అమ్మ చేతి కూర తిన్నందుకు నేను నీకు సర్టిఫికెట్టు ఇవ్వాలా? నేను మీ ఇంట్లో తిన్నందుకు నాకెవరూ ఇవ్వలేదే!

దురద సంగతి నేను నమ్ముతున్నాను. చేతి మడతలో రక్తం దాచుకుని టికెట్లు కొడుతున్నావని చదివితే ఏడుపొచ్చింది. గోక్కోవద్దని రాసినందుకు సిగ్గేసింది కూడా. కానీ నీ ఉత్తరంలో ఆ జగ్గమ్మ ఎక్కడ? ఆవిడ తేగలు ఎవరు ఏరారు? నీ చెయ్యి నిప్పు మీద పడ్డట్టు విసిరింది సరే, విసిరాక నీ నోరు ఏం చేసింది? అంత పొడుగు ఉత్తరంలో ఆవిడకి ఏమైందో ఒక్క ముక్క లేదు.

ఆ మురళీమోహన్ గారి సలహాలు మాని, మంచి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ కాలేజీ పిల్ల ఆనుకుంటే ఎందుకు ఏమీ అవలేదో అడుగు. నాకు అది తెలియాలి. నీ కోసం కాదు, నా కోసం.

ప్రిస్కిల్లా


నెల్లిమర్ల,
జనవరి 30.

ప్రిస్కీ,

నీ ఉత్తరం చదివి మూలకి విసిరేశాను. మా అత్త తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టింది. ఆవిడ చదివిందేమో తెలీదు. ఆ పూట వేపాకు నూరలేదు.

కాయితం అడిగినందుకు నన్ను తిట్టావు. తిట్టాల్సిందే. మురళీమోహన్ గారికి రాయించనని చెప్పేశాను. ఆయనకి కోపమొచ్చింది.

విజయనగరంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చాపమని, దూదిని సన్నటి పోగులాగ మెలిపెట్టి, మోచెయ్యి మడతకి దూరంగా, మచ్చ కూడా లేని చోట, ఆనీ ఆనకుండా ఒక్కసారి గీసింది. కుర్చీలోంచి లేచిపోయాను. అదే చోట బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఏమీ లేదు. మళ్ళీ దూది. మళ్ళీ లేచాను. చాలు మేడమ్ అని దండం పెట్టాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తన్నాను. అందరికీ దూది తగిలితే దూది తగిలిందని తెలుస్తాది. ఈ జబ్బు ఉన్న చాలామందికి ఆ చుట్టుపక్కల చర్మం కూడా రెచ్చిపోయి ఉంటాదట, మెత్తటి తాకిడే దురదగా తెలుస్తాదట. జడ కొస, బట్ట కుచ్చు, వేలి చివర, ఇవే శత్రువులు. బరువుగా ఆనుకుంటే, గట్టిగా పట్టుకుంటే అలా అవదు. కాలేజీ పిల్ల తన బరువంతా నా మీద వేసింది. జగ్గమ్మ పాపం మొహమాటంగా, వేళ్ళతో పట్టీ పట్టకుండా పట్టుకుంది.

ఆ మొహమాటం ఎందుకో ఇంటికొచ్చే దారిలో తట్టింది. ఆటోలో కూర్చుని ఏడ్చాను. ఆవిడ గట్టిగా పట్టుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. కండక్టరు చెయ్యి గట్టిగా పట్టుకోవడానికి ఆవిడ భయపడింది.

మూడేళ్ళు ఎంతమందికి చూపించాను! ఒక్కరూ దూది తీసుకుని గీసి చూడలేదు. మంట ఎవరికెక్కువగా వచ్చిందో తెలీదు, నాకా నా చర్మానికా. కొత్త మందులు రాసింది. తగ్గడానికి టైము పడతాదంది.

నీకు తెలియాలన్నావు కదా, రాశాను.

రాజీ


మందస దగ్గర హాస్టలు నుంచి,
ఫిబ్రవరి 9.

రాజీ,

చదివాను. మా నర్సమ్మకి కూడా చదివి వినిపించాను. ఇక్కడ ఒక ఆరో తరగతి పిల్ల ఉంది. తల దువ్వనివ్వదు, ఎవరైనా తాకితే అరుస్తుంది. పెంకిదని మేమంతా తిడుతున్నాం, నేనూ ఒకటి వేశాను. ఆ పిల్ల మెడ వెనక చూస్తే నీదే జబ్బు. ఈ ఆదివారం పలాస తీసుకెళ్తున్నాను. నా మీద నాకే విసుగొచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది నీకు తెలుసు. డాక్టరు చీటీ ఆఫీసులో ఇవ్వు. జగ్గమ్మ దగ్గరికి మాత్రం అది పట్టుకుని వెళ్ళకు. యూనియన్ వాళ్ళని తీసుకెళ్ళకు. నన్ను రమ్మనకు, రాను. మధ్యలో నన్ను నిలబెడితే ఆవిడ నా మొహం చూసి నిన్ను క్షమించాల్సొస్తుంది. అది నాకిష్టం లేదు. నువ్వు వెళ్ళు, నోటితో చెప్పు.

ప్రిస్కీ


నెల్లిమర్ల,
మార్చి 4.

ప్రిస్కీ,

వెళ్ళాను. గజపతినగరం దాటాక రోడ్డు పక్కనే వాళ్ళ పేట. జగ్గమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తంది. నన్ను చూసి సుత్తి ఆపలేదు.

"నువ్వా కండట్రమ్మవి? కాయితం ఎనక్కి తీసుకోమని వొచ్చినావా?"

"కాదమ్మా. ఆ రోజు ఎందుకలాగ చేశానో చెప్దామని."

"సెప్పు మరి."

నిలబడే చెప్పాను. కూర్చోమనలేదు, నేను అడగలేదు. మొత్తం విని, చెయ్యి చూపించమంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. వెలుతురులోకి తిప్పి చూసి, తన వేలి చివరతో మడత పక్కన మెల్లిగా రాసింది. పళ్ళు బిగబట్టాను ప్రిస్కీ, అయినా కళ్ళంట నీళ్ళొచ్చాయి. రోమాలు లేచి నిలబడ్డాయి. ఆవిడ అది చూసింది. వెంటనే అరచెయ్యి మొత్తం వేసి అదిమి పట్టుకుంది. చింతపండు పులుసు అంటిన చెయ్యి.

"ఇలాగైతే?"

"ఇలాగైతే ఏమీ లేదమ్మా."

కాసేపు అలాగే పట్టుకుని అడిగింది, "మరి ఆ దినం నోటికేటయింది నీకు? దురదమ్మా అని ఒక్క మాట అంటే నేనేటి నీ మీద కాయితం ఎడతానా?"

"చర్మరోగం అంటే అందరూ దూరం జరిగిపోతారమ్మా. మూడేళ్ళుగా జరగతన్నారు. భయమేసింది."

"మూడేళ్ళా?" అంది. నవ్విందో లేదో తెలీలేదు. "నాకు పుట్టినకాడ్నుంచి జరగతన్నారు. నువ్వు సెయ్యి ఇదిలిస్తే దురదనుకుంటాననుకున్నావా? నాకు తెలిసిన ఇదిలింపు ఒకటే గదమ్మా."

క్షమించమని అడిగాను. ఆవిడ సుత్తి మళ్ళీ తీసుకుని, "కాయితం ఎనక్కి తీసుకోను" అంది. "నువ్వు తోసింది నిజం. పడ్డాక నన్ను లేపలేదు, అదీ నిజం. దురద కూడా నిజమే, నా కళ్ళతో సూసినాను. అది కూడా రాయించుకురా, ఏలిముద్ర ఎడతాను. అన్నీ ఉండాల కాయితంలో."

అన్న మాట నిలబెట్టుకుంది. ఎంక్వయిరీకి తనే వచ్చి అన్నీ చెప్పింది. కేసు లేదు. నాకు వార్నింగ్ లెటరు ఇచ్చారు, సర్వీసు రికార్డులో ఎక్కింది. ఎక్కనీ. కొన్నాళ్ళు డిపో కౌంటర్లో వేసి, మందులు పనిచేశాక మళ్ళీ బస్సు ఎక్కిస్తామన్నారు. దురద పోలేదు గానీ, మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోనిస్తంది. మొన్న హరిబాబుతో చెప్పాను, ఆ చివరికి జరక్కు, చెయ్యి వేస్తే బరువుగా వెయ్యమని. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మనిషి సిగ్గుపడ్డాడు.

నీతో మాత్రం నాకు తేలలేదు. ఉత్తరాల్లో తేలదు. ఈ ఆదివారం మందస బస్సెక్కుతన్నాను. ట్యాంకెక్కి ఫోను చేసి వద్దని చెప్పినా వినపడదు.

రాజీ


మందస దగ్గర హాస్టలు నుంచి,
మార్చి 17.

రాజీ,

నువ్వు క్షేమంగా చేరావని అనుకుంటాను. ఆ ఆరో తరగతి పిల్ల ఇవాళ కూడా అడిగింది, "ఆ గట్టిగా పట్టుకునే అక్క మళ్ళీ ఎప్పుడొస్తాది?" అని. నువ్వు నేర్పినట్టే పొడుగు జుట్టు మెడకి తగలకుండా పైకి కట్టేస్తున్నాం. వారం నుంచి అరవలేదు.

ఒక్క సంగతి ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. నువ్వు బస్సు దిగగానే రెండు చేతులూ చాపావు. నేను నీ సంచీ అందుకున్నాను. నువ్వు అది చూశావు. నీకు దురద లేస్తుందని భయపడ్డానో, నువ్వు మళ్ళీ జరిగిపోతావని భయపడ్డానో నాకే తెలీలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు నువ్వే నా మణికట్టు పట్టుకుని బస్సు వచ్చేదాకా వదల్లేదు. అంత గట్టిగా పట్టుకుంటావనుకోలేదు. వేళ్ళ గుర్తులు పడ్డాయి.

ఆ రెండు భయాల్లో ఒకటి పోయింది. రెండోది అంత తొందరగా పోయేది కాదు, నీ మీద కోపంతో కాదు, అది నీకంటే ముందు నుంచి ఉంది. నువ్వు మళ్ళీ రావాలి. చాలాసార్లు రావాలి.

ప్రిస్కీ